జడ్జి పోస్టు వస్తే కోర్టు వచ్చినట్టేనా? హైదరాబాద్ సిటీ కోర్టుల డబ్బు, మనుషులు, పని మీద ఒక కేస్ స్టడీ

గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఒక ఇంటికి ఆస్తి పన్ను పెంచింది. యజమాని అభ్యంతరం వేశారు, కమిషనర్ దగ్గర అది నిలవలేదు. ఇక కోర్టుకు వెళ్లాలి. "జీహెచ్‌ఎంసీ కోర్టు ఎక్కడుందండీ?" అని అడుగుతూ వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. పన్ను వివాదాలు వినడానికి కార్పొరేషన్‌కు సొంత కోర్టు అంటూ లేదు. 1955 నాటి కార్పొరేషన్ చట్టం సెక్షన్ 282 ఆ అప్పీలు వినే అధికారాన్ని 'జడ్జి'కి ఇచ్చింది. హైదరాబాద్‌లో ఆ జడ్జి అంటే సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి. కార్పొరేటర్ ఎన్నికను సవాలు చేస్తూ సెక్షన్ 71 కింద వేసే పిటిషన్ కూడా అక్కడికే వెళ్తుంది. అద్దె ఇంటి తగాదాలో రెంట్ కంట్రోలర్ ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు కూడా అక్కడే.

అంటే నగరపాలక సంస్థతో ఎక్కువ పని ఉన్న కోర్టు ఇదే. అయినా ఈ కోర్టును నడిపేది నగరపాలక సంస్థ కాదు. జీతాలు ఇవ్వదు, గుమాస్తాలను పంపదు, బదిలీల్లో దానికి మాట లేదు. ఇది మంచి ఏర్పాటు, కాపాడుకోవలసిన ఏర్పాటు. పన్ను వేసిన సంస్థే ఆ పన్ను సరైనదో కాదో తేల్చే జడ్జికి జీతం ఇస్తే, అప్పీలు వేసినవారికి ఆ తీర్పు మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

ఈ కేస్ స్టడీలో చూస్తున్నది ఒకటే. ఒక కోర్టు హాలు నడవాలంటే డబ్బు ఏ దారిన వస్తుంది, ఎవరెవరు పని చేయాలి, వాళ్లలో ఒకరు లేకపోతే కేసు ఎక్కడ ఆగుతుంది. జడ్జి పోస్టుల ఖాళీల గురించి పేపర్లో వార్త వస్తుంది. కోర్టు నోటీసులు, సమన్లు ఇళ్లకు అందించే ప్రాసెస్ సర్వర్ ఖాళీ గురించి రాదు. కేసు మొదటి మెట్టు మీదే నిలబడిపోవడానికి చాలాసార్లు కారణం ఆ రెండో ఖాళీయే.

నగరంలో ఎన్ని కోర్టులు, ఎవరి కింద

బయటివాళ్లకు అంతా 'సిటీ కోర్టే'. పరిపాలన లెక్కన మాత్రం హైదరాబాద్ జిల్లాలో మూడు ప్రధాన యూనిట్లు ఉన్నాయి. మొదటిది సిటీ సివిల్ కోర్టు. దాని చీఫ్ జడ్జి కింద అదనపు చీఫ్ జడ్జిలు, సీనియర్ సివిల్ జడ్జిలు, జూనియర్ సివిల్ జడ్జిలు ఉంటారు. ఈ కోర్టులు పురానీ హవేలీలోనూ సికింద్రాబాద్‌లోనూ నడుస్తాయి. రెండోది సిటీ స్మాల్ కాజెస్ కోర్టు, రెంట్ కంట్రోలర్లు ఉండేది ఇక్కడే. మూడోది నాంపల్లి క్రిమినల్ కోర్టులు. హైకోర్టు సర్క్యులర్ పంపితే ఈ యూనిట్ల అధిపతులకు విడివిడిగా వెళ్తుంది. బడ్జెట్ అంచనా, సిబ్బంది సీనియారిటీ జాబితా, రికార్డు రూము, నజారత్ (నోటీసులు అందించే, డిక్రీలు అమలు చేసే విభాగం) దేని లెక్క దానిదే.

నాంపల్లిలో ఒక మార్పు గుర్తుంచుకోవాలి. 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అనే తరగతి చట్టంలోంచే పోయింది. పాత కాగితాల మీద ఆ పేరు కనిపిస్తుంది గానీ కొత్త చట్టంలో ఉన్నది జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లే. పిటిషన్ మీద కోర్టు పేరు పాత పద్ధతిలో రాస్తే అనవసరంగా రిటర్న్ అవుతుంది.

ఇంకో చిక్కు హద్దులది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు కార్పొరేషన్ హద్దు పెరిగింది, సిటీ సివిల్ కోర్టు హద్దు దానితోపాటు పెరగలేదు. కూకట్‌పల్లి అలా కార్పొరేషన్ హద్దులోకి వచ్చినా, అక్కడి ఇంటి మీద దావా మాత్రం మేడ్చల్-మల్కాజిగిరి వైపు కోర్టులకు వెళ్తుంది. ఎల్బీ నగర్ ఇల్లయితే రంగారెడ్డి జిల్లా కోర్టు. 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాక ఈ గీతలు మళ్లీ కదిలాయి. దావా వేసే ముందు పిన్‌కోడ్ చూసి కాదు, ఆ పోలీస్ స్టేషన్, ఆ గ్రామం ఏ కోర్టు పరిధి నోటిఫికేషన్‌లో ఉన్నాయో చూసి నిర్ణయించుకోవాలి.

డబ్బు దారి

కోర్టు ఫీజులు, జరిమానాలతోనే కోర్టు నడుస్తుందని చాలామంది నమ్మకం. అలా నడవదు. దావాతోపాటు అంటించే కోర్టు ఫీజు 0030 పద్దు (ప్రభుత్వ లెక్కల శీర్షిక) కింద, స్టాంపులు-రిజిస్ట్రేషన్లలోని జ్యుడీషియల్ స్టాంపుల భాగంలో ప్రభుత్వ రాబడిగా పడుతుంది. క్రిమినల్ కోర్టు వేసిన జరిమానా 0070 పద్దుకు జమ అవుతుంది. రెండూ రాష్ట్ర సంచిత నిధిలోకి వెళ్తాయి. అందులోంచి ఒక్క రూపాయి కూడా, మేమే వసూలు చేశాం కదా అని కోర్టు వాడుకోవడానికి లేదు. వసూలు పెరిగితే కోర్టు బడ్జెట్ పెరగదు, తగ్గితే తగ్గదు. జరిమానా వేసినందువల్ల మేజిస్ట్రేట్‌కు గానీ ఆ హాలుకు గానీ లాభం లేకపోవడం చాలా అవసరం. లేకపోతే ప్రతి జరిమానా మీదా అనుమానమే.

మూడో రకం డబ్బు ఇంకోటుంది. అది కోర్టు ఆదాయమూ కాదు, ప్రభుత్వ ఆదాయమూ కాదు. అద్దె బకాయి ఉన్న కిరాయిదారు కేసు నడపాలంటే రెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం ఆ బకాయి కట్టాలి లేదా కోర్టులో డిపాజిట్ చేయాలి. లాడ్జ్‌మెంట్ షెడ్యూల్‌తో (డిపాజిట్ వివరాల ఫారంతో) కట్టిన ఆ సొమ్ము 8443 పద్దు కింద సివిల్ కోర్టు డిపాజిట్‌గా ఉంటుంది. తీసుకోవాలంటే చెక్ పిటిషన్ వేయాలి. ఆ పిటిషన్‌లో డిపాజిట్ చేసిన తేదీ, చలానా నంబరు, కేసు నంబరు మూడూ రిజిస్టర్‌తో సరిపోవాలి. కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు బదిలీ అయి, డిపాజిట్ మాత్రం పాత కోర్టు ఖాతాలో ఉండిపోతే చెక్ పిటిషన్ నెలల తరబడి కదలదు. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే డిపాజిట్ కూడా మార్చమని మెమో వేసుకోవడం ఒక్కటే మందు.

ఇక ఖర్చు వైపు. కోర్టుల మామూలు ఖర్చుకు ప్రధాన పద్దు 2014, న్యాయపాలన. దాని కింద హైకోర్టుకు 102, సివిల్-సెషన్స్ కోర్టులకు 105, స్మాల్ కాజెస్ కోర్టులకు 106, క్రిమినల్ కోర్టులకు 108, ఫ్యామిలీ కోర్టులకు 117. హైకోర్టు పరిపాలన ఖర్చు రాజ్యాంగం 229వ అధికరణం ప్రకారం సంచిత నిధిపై 'ఛార్జ్‌డ్'. అసెంబ్లీ దాన్ని చర్చించవచ్చు గానీ ఓటుకు పెట్టదు. కింది కోర్టుల ఖర్చుకు ఆ రక్షణ లేదు. అది న్యాయశాఖ డిమాండ్‌లో ఓటుతో మంజూరయ్యే డబ్బు. 235వ అధికరణం కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుకు ఇచ్చింది, డబ్బు సంచి మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంది. కింది కోర్టుల పరిపాలనలో ప్రతి చిక్కుకూ మూలం వెతికితే ఇక్కడికే వస్తాం.

ఆచరణలో ఇలా సాగుతుంది. ప్రతి యూనిట్ ఏటా వచ్చే ఏడాది అంచనా తయారు చేసి, దానికి నంబర్ స్టేట్‌మెంట్ జత చేసి హైకోర్టుకు పంపుతుంది. ఏ కేడర్‌లో ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని భర్తీ, ఎన్ని ఖాళీ అన్నది ఆ స్టేట్‌మెంట్ చెబుతుంది. హైకోర్టు అన్నీ కలిపి న్యాయశాఖకు పంపుతుంది, అక్కడి నుంచి ఆర్థిక శాఖకు వెళ్తాయి. అసెంబ్లీ ఆమోదించాక కూడా డబ్బు ఒకేసారి రాదు. బడ్జెట్ రిలీజ్ ఆర్డర్లు విడతలుగా వస్తాయి. యూనిట్ డీడీఓ (డబ్బు డ్రా చేసే అధికారి) బిల్లు చేసి పంపితే, జిల్లాల్లో ట్రెజరీ చేసే పని జంట నగరాల్లో పే అండ్ అకౌంట్స్ ఆఫీసు చేస్తుంది.

జీతాలకు ఇబ్బంది తక్కువ. ఆగేవి చిన్న పద్దులు. ఆఫీసు ఖర్చుల కింద 130 పద్దు, అందులో తపాలా-ఫోన్లు 131, ఇతర ఆఫీసు ఖర్చులు 132, నీళ్లు-కరెంటు 133. కాగితం, టోనర్, ఫైలు అట్టలు, దారం, ప్రింటర్ రిపేరు అన్నీ 132లోంచే రావాలి. ఈ పద్దులో రెండో విడత ఆలస్యమైతే తీర్పు కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది, ప్రింట్ ఇవ్వడానికి టోనర్ ఉండదు. మార్చి 31 లోగా బిల్లు పాస్ కాని డబ్బు మురిగిపోతుంది. మార్చిలో హడావుడిగా వచ్చిన రిలీజ్‌ను టెండరు, కొటేషన్లు, సరుకు, బిల్లు అన్న నాలుగు మెట్లూ ఎక్కించి ఖర్చు చేయడం చాలా కష్టం. అనుభవమున్న సూపరింటెండెంట్ కొటేషన్లు జనవరిలోనే తెప్పించి పెట్టుకుంటారు.

భవనాల డబ్బు వేరు. రాష్ట్రం తరఫున ఆర్ అండ్ బీ కడుతుంది. న్యాయవ్యవస్థ మౌలిక వసతుల కోసం 1993-94 నుంచి కేంద్ర పథకం ఉంది. అందులో ఇప్పుడు మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. రాష్ట్రం తన 40 సమయానికి విడుదల చేయకపోతే, ముందు తీసుకున్న డబ్బుకు వినియోగ పత్రం ఇవ్వకపోతే, కేంద్రం తర్వాతి విడత ఆపుతుంది. కంప్యూటర్లు, నెట్‌వర్క్ ఈ-కోర్ట్స్ పథకం నుంచి వస్తాయి. 2023లో ఆమోదం పొందిన మూడో దశకు నాలుగేళ్లకు 7,210 కోట్ల రూపాయలు. యంత్రం ఆ పథకంలో వస్తుంది, దానికి రోజూ కావలసిన కాగితం, టోనర్ మళ్లీ 132 నుంచే.

హాల్లో ఎవరు ఎవరి మనుషులు

కోర్టు హాల్లోకి అడుగు పెడితే అందరూ కోర్టువాళ్లలాగే కనిపిస్తారు. నాంపల్లిలో ఒక మేజిస్ట్రేట్ హాలు తీసుకోండి. బెంచి మీద మేజిస్ట్రేట్, పక్కన బెంచ్ క్లర్క్, స్టెనో, బయట పేర్లు పిలిచే ఆఫీస్ సబార్డినేట్. వీళ్లు కోర్టు బడ్జెట్. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రాసిక్యూషన్ విభాగం అధికారి, ఆయన పోస్టు ఖాళీగా ఉంటే కోర్టు నింపలేదు. సమన్లు పట్టుకెళ్లే కోర్టు కానిస్టేబుల్ పోలీస్ శాఖ మనిషి. బందోబస్తు వస్తే ఆయన్ను స్టేషన్ వెనక్కి పిలుచుకుంటుంది, సాక్షుల సమన్లు కట్టగా బల్ల మీద ఉండిపోతాయి. స్మాల్ కాజెస్ కోర్టులో జీహెచ్‌ఎంసీ తరఫున నిలబడే స్టాండింగ్ కౌన్సిల్‌కు ఫీజు ఇచ్చేది కార్పొరేషన్. ఆ కోర్టులో కార్పొరేషన్ డబ్బు ఖర్చయ్యే చోటు అదొక్కటే, మిగతా కక్షిదారులందరిలాగే.

జడ్జిల నియామకం సంగతి టూకీగా. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష, ఇంటర్వ్యూ హైకోర్టు నిర్వహిస్తుంది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కనీసం మూడేళ్ల ప్రాక్టీసు నియమం తిరిగి వచ్చింది. జిల్లా జడ్జి స్థాయిలో కొందరు పదోన్నతి మీద, కొందరు ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న న్యాయవాదుల నుంచి నేరుగా వస్తారు. జీతాలు జస్టిస్ పి. వెంకటరామ రెడ్డి నాయకత్వంలోని రెండో జాతీయ న్యాయ వేతన సంఘం సిఫార్సుల ప్రకారం, 2016 జనవరి 1 నుంచి లెక్క. జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం 77,840 రూపాయలతో మొదలవుతుంది, జిల్లా జడ్జిది 1,44,840తో.

సిబ్బందిలో సూపరింటెండెంట్, సీనియర్ అసిస్టెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు, స్టెనోగ్రాఫర్, టైపిస్టు, కాపీయిస్టు, ఎగ్జామినర్, ఫీల్డ్ అసిస్టెంటు, రికార్డు అసిస్టెంటు, ప్రాసెస్ సర్వర్, ఆఫీస్ సబార్డినేట్ ఉంటారు. నజారత్ అధిపతి అయిన నాజర్ కింద బేలిఫ్‌లు (కోర్టు వారంట్లు అమలు చేసేవాళ్లు), ప్రాసెస్ సర్వర్లు. ఈ పోస్టుల పేర్లు వరసగా చదివితే అందరూ సమానమే అనిపిస్తుంది. కేసు నడకలో మాత్రం మూడు కుర్చీలు కీలకం.

ఒకటి, ఫైలింగ్ సెక్షన్‌లో కాగితాలు పరిశీలించే అసిస్టెంటు. ఆయన చెక్ స్లిప్ (పరిశీలన చీటీ) రాయకపోతే నంబరు పడదు. మంచి పరిశీలకుడు అభ్యంతరాలన్నీ ఒకేసారి రాస్తాడు. అనుభవం లేనివాడు ఒకసారి కోర్టు ఫీజు గురించి, సరిచేసి మళ్లీ దాఖలు (రీప్రజెంట్) చేశాక పేజీ నంబర్ల గురించి, మళ్లీ రీప్రజెంట్ చేశాక వకాలత్ మీద స్టాంపు గురించి రాస్తాడు. కట్ట మూడుసార్లు తిరుగుతుంది, ప్రతి తిరుగుడూ కక్షిదారుకు వారం పది రోజులు.

రెండు, కాపీయింగ్ సెక్షన్. ఇక్కడ ఒక కాగితాన్ని దగ్గరగా చూడాలి. సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే దాని మీద ఒక చిన్న పట్టిక ఉంటుంది: దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు ఇచ్చిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, కాపీ అందజేసిన తేదీ. ఈ తేదీలు అలంకారం కాదు. రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 30 రోజులు. కాపీ కోసం పట్టిన కాలం అందులోంచి మినహాయిస్తారు. కానీ స్టాంపులు అడిగినట్టు నోటీసు బోర్డు మీద పెట్టాక మీరు నాలుగు రోజులు ఆలస్యంగా ఇస్తే, ఆ నాలుగు రోజులకు మినహాయింపు అడగడం కష్టం. కాపీ సిద్ధమైన తర్వాత తీసుకెళ్లకుండా వదిలేసిన రోజులదీ అదే సంగతి. కాపీ వెనక్కి తిప్పి పట్టిక చదవకుండా గడువు లెక్క వేసుకోకూడదు. కాపీయిస్టు ఉండి ఎగ్జామినర్ లేకపోతే కాపీ తయారై బల్ల మీద కూర్చుంటుంది, ఎందుకంటే ఒరిజినల్‌తో సరిచూశానని ఎగ్జామినర్ సంతకం లేకుండా అది సర్టిఫైడ్ కాపీ కాదు.

మూడు, నజారత్. దీన్ని కేసు నడుస్తున్న దారిలోనే చూద్దాం.

ఒక పన్ను అప్పీలు, మెట్టు మెట్టుకూ

పాత బస్తీలో రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింద రెండు మడిగెలు అద్దెకు ఇచ్చారు. కార్పొరేషన్ వార్షిక అద్దె విలువ తిరగరాసింది, పన్ను బాగా పెరిగింది. యజమాని అభ్యంతరం వేశారు, తోసిపుచ్చారు.

సెక్షన్ 282 కింద గడువు 15 రోజులు. ముందు కమిషనర్ దగ్గర అభ్యంతరం వేసి అది తేలి ఉండాలి. బిల్లు వచ్చి ఉంటే అడిగిన పన్ను కట్టి ఉండాలి. ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. "అన్యాయంగా వేసిన పన్ను ఎందుకు కడతాం, కోర్టులోనే తేల్చుకుంటాం" అని రసీదు లేకుండా వస్తారు. రసీదు లేని అప్పీలును కోర్టు వినదు. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అభ్యంతరానికి లోబడి కడుతున్నామని ఒక లేఖ ఇచ్చి, రసీదు మీద పది అంకెల పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు నంబరు) సరిగ్గా పడిందో చూసుకోవాలి. పైఅంతస్తుకు ఒక పీటీఐఎన్, మడిగెలకు ఇంకోటి ఉన్న ఇళ్లలో ఒక నంబరు మీద కట్టి రెండో దాని మీద అప్పీలు వేసే పొరపాటు మామూలే.

కట్టలో ఉండవలసినవి: అప్పీలు మెమో, కమిషనర్ ఉత్తర్వు, అది అందిన తేదీకి ఆధారం, పాత బిల్లు, కొత్త బిల్లు, పన్ను రసీదు, అద్దె ఒప్పందాలు, ఇంటి కొలతల ప్లాను, వకాలత్. అందిన తేదీకి ఆధారం లేకపోతే 15 రోజుల లెక్క ఉత్తర్వు తేదీ నుంచే మొదలైందని ఎదుటివాళ్లు వాదిస్తారు. కవరు పారేయకూడదు.

ఫైలింగ్ నంబరు పడుతుంది, పరిశీలన అయ్యాక రిజిస్ట్రేషన్ నంబరు, దానితోపాటు 16 అక్షరాల సీఎన్ఆర్ (కేసు గుర్తింపు నంబరు). తర్వాత ప్రతివాదికి నోటీసు. ఈ కేసులో ప్రతివాది కార్పొరేషన్ కనుక చిరునామా స్థిరం, ఒక టపాలు సెక్షన్, ఒక ముద్ర. నోటీసు సులభంగా అందుతుంది. అందిన తర్వాత స్టాండింగ్ కౌన్సిల్‌కు సర్కిల్ ఆఫీసు నుంచి అసెస్‌మెంట్ ఫైలు రావాలి. అది రాకపోతే వాయిదా. అందువల్ల మొదటి వాయిదాకే ఆ ఫైలు తెప్పించమని పిటిషన్ వేసుకోవడం మంచిది. కొలతల షీటు కోర్టు ముందుకు వస్తే సగం వివాదం అక్కడే తేలుతుంది. మడిగె విస్తీర్ణం తప్పు పడిందా, ఇల్లును వాణిజ్యం కింద రాశారా, వయసు తగ్గింపు మరిచారా అన్నవి షీటు మీద కనిపించే విషయాలు.

అదే ఇంట్లో కిరాయిదారు మీద ఖాళీ చేయించే కేసు వేస్తే దారి పూర్తిగా మారుతుంది. నగరపాలక ప్రాంతంలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే 2005 సవరణ వల్ల రెంట్ చట్టం వర్తించదు, సివిల్ కోర్టులో దావా వేయాలి. దాటకపోతే రెంట్ కంట్రోలర్. ఎక్కడ వేసినా నోటీసు ఒక మనిషికి అందాలి. ఇక్కడే నజారత్ అసలు పని మొదలవుతుంది.

బట్టా (నోటీసు పంపే రుసుము) కట్టాక ప్రాసెస్, అంటే అందించవలసిన నోటీసు, నాజర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన ప్రాంతాల వారీగా పంచుతారు. ఒక ప్రాసెస్ సర్వర్‌కు యాకుత్‌పురా నుంచి మెహదీపట్నం దాకా ఒకే రోజు కాగితాలు పడితే ఆయన బస్సులో తిరగగలిగినన్ని ఇళ్లకే తిరుగుతారు. మన ఇంటి నంబర్లు ఇంకో కష్టం. వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ తర్వాత బై నంబర్లు, వాటి మీద అక్షరాలు. పక్క పక్క గుమ్మాలకు వరస కుదరదు. "దగ్గర ఫలానా మసీదు వెనక, రెండో గల్లీ, పచ్చ గేటు" అని ప్రాసెస్ ఫారం మీద రాసినవాళ్ల నోటీసు మొదటిసారే అందుతుంది. ఫోన్ నంబరు రాస్తే ఇంకా మేలు.

నోటీసు అందకపోతే వెనకవైపు రిపోర్టు రాస్తారు. "డోర్ లాక్" అన్న రెండు మాటలతో వచ్చిన రిపోర్టు దేనికీ పనికిరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 17, 18 ప్రకారం గుమ్మానికి అంటించి వచ్చినప్పుడు ఏ రోజు, ఏ సమయానికి వెళ్లారు, ఎంతసేపు వెతికారు, ఇల్లు చూపించింది ఎవరు, ఎవరి సమక్షంలో అంటించారు అన్నవి రాయాలి. అవి లేకపోతే కోర్టు ఆ సర్వీసును ఒప్పుకోదు, మళ్లీ ప్రాసెస్, మళ్లీ బట్టా. ఒప్పుకుని ఎక్స్‌పార్టీ చేసినా (ఎదుటివాళ్లు లేకుండానే తేల్చినా), ఏడాది తర్వాత కిరాయిదారు వచ్చి నాకు నోటీసే అందలేదంటాడు, రిపోర్టు చూసి ఉత్తర్వు పక్కన పెడతారు. వాయిదాల లెక్కలో జడ్జి ఖాతాలో పడే ఆలస్యం నిజానికి ఇక్కడ పుట్టింది.

చివరి మెట్టు కూడా నజారత్‌దే. గెలిచాక ఈపీ (అమలు పిటిషన్) వేస్తే బేలిఫ్ వారంటు తీసుకుని వెళ్తారు. తాళం ఉంటే పగలగొట్టడానికి ఉత్తర్వు, అడ్డుకుంటే పోలీస్ సాయానికి ఉత్తర్వు వేరువేరుగా అడగాలి. ఈ రెండూ ముందే చేతిలో లేకపోతే బేలిఫ్ తిరిగొస్తారు, వారంటు గడువు పోతుంది. ఒక యూనిట్‌లో బేలిఫ్‌లు తక్కువైతే గెలిచిన డిక్రీలన్నీ వరసలో నిలబడతాయి.

కొత్త కోర్టు మంజూరైనప్పుడు

ఒక కొత్త కోర్టు జీఓ వచ్చిందంటే బార్‌లో మిఠాయిలు పంచుతారు. సంతోషించదగ్గదే. కానీ జీఓ అనుబంధం చదవాలి. జడ్జి పోస్టు ఒకటి, దాని కింద కేడర్ల వారీగా పోస్టులు ఎన్ని? ప్రాసెస్ సర్వర్లు ఎంతమంది? కొందరిని ఇతర కోర్టుల నుంచి సర్దుబాటు చేయమన్నారా? సర్దుబాటు అంటే కొత్త కోర్టు తెరిచి రెండు పాత కోర్టులను నీరసపెట్టడమే.

పథకం కింద వచ్చే కోర్టులదీ చూడాలి. 2019లో మొదలైన ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకంలో కోర్టుకు ఒక న్యాయాధికారి, ఏడుగురు సిబ్బంది, ఏడాదికి 75 లక్షల రూపాయలు అని లెక్క కట్టారు. కేంద్ర పథకం స్వయంగా ఒప్పుకున్న కొలత ఇది: ఒక్క జడ్జికి కనీసం ఏడుగురు. అంతకుముందు పదకొండో ఆర్థిక సంఘం డబ్బుతో 2000లో దేశమంతా 1,734 ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు అనుకున్నారు. కేంద్ర సాయం 2011 మార్చి 31తో ఆగింది. ఆ తర్వాత కోర్టులు నడపాలా వద్దా, అందులో పనిచేసినవాళ్ల గతేమిటి అన్నది రాష్ట్రాల మీద పడి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాత్కాలిక డబ్బుతో శాశ్వతమైన పని పెట్టుకుంటే వచ్చే ఇబ్బంది అది. పథకం ముగిసే తేదీకి రెండేళ్ల ముందే ఆ పోస్టులను 2014 పద్దు కింద మామూలు పోస్టులుగా మార్చే ప్రతిపాదన కదలాలి.

జడ్జిల సంఖ్య మీద 2002లోనే సుప్రీంకోర్టు ఆలిండియా జడ్జిల సంఘం కేసులో పది లక్షల జనాభాకు 50 మంది ఉండాలని, ఐదేళ్లలో చేరుకోవాలని చెప్పింది. ఆ సంఖ్య ప్రతి సభలోనూ వినిపిస్తుంది. పది లక్షల జనాభాకు ప్రాసెస్ సర్వర్లు ఎంతమంది ఉండాలన్న సంఖ్య ఏ సభలోనూ వినలేదు.

కంప్యూటర్ వచ్చి నజారత్ పని తీసేస్తుందని కొందరి ఆశ. కొంతవరకు నిజమే. సర్వీసు ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగిందో ఎన్‌స్టెప్ యాప్ ద్వారా ఫొటోతో నమోదు చేయవచ్చు, కొత్త నాగరిక్ సురక్షా సంహిత ఎలక్ట్రానిక్ సమన్లను ఒప్పుకుంది. అయితే తప్పించుకు తిరిగే కిరాయిదారుకు వాట్సాప్ పంపితే నీలి గీతలు రావు. గుమ్మం దాకా మనిషి వెళ్లాల్సిందే, వెళ్లిన మనిషి పది మాటల రిపోర్టు రాయాల్సిందే. ఆ రిపోర్టు రాయడం నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు. తెలుగులో, ఉర్దూలో నింపిన నమూనా రిపోర్టులు రెండు చేతికిస్తే ఇంకా తేలిక. దీనికి కొత్త పద్దు అవసరం లేదు.

బార్ అసోసియేషన్ గానీ, కోర్టు పనితీరు మీద శ్రద్ధ ఉన్న పౌరులు గానీ యూనిట్‌ను అడగదగ్గ కాగితాలు మూడున్నాయి. సమాచార హక్కు కింద దరఖాస్తు యూనిట్ సమాచార అధికారికే ఇవ్వాలి. మొదటిది తాజా నంబర్ స్టేట్‌మెంట్, అందులో ప్రాసెస్ సర్వర్, బేలిఫ్, ఎగ్జామినర్, స్టెనో వరసలు చూడాలి. రెండోది 130 పద్దు కింద ఏడాదిలో ఏ నెలలో ఎంత విడుదలైంది, మార్చి 31న ఎంత మురిగింది. మూడోది నజారత్ రిజిస్టర్ నెలవారీ మొత్తాలు: ఎన్ని ప్రాసెస్‌లు వచ్చాయి, ఎన్ని అందాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ కారణంతో. కేసుల పెండింగ్ సంఖ్య అడగనక్కర్లేదు, అది నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఎవరైనా చూడవచ్చు. ఈ మూడూ పక్క పక్కన పెట్టి, తిరిగొచ్చిన ప్రాసెస్‌లు ఎక్కువున్న నెలలనూ ఖాళీలున్న నెలలనూ కలిపి చూసి, ఆ కాగితంతోనే పోర్ట్‌ఫోలియో జడ్జికి (ఆ జిల్లా కోర్టుల పరిపాలన చూసే హైకోర్టు జడ్జికి) వినతిపత్రం ఇవ్వాలి. ఆ వినతిలో మొదటి కోరిక కొత్త హాలు కాదు, మంజూరై ఖాళీగా ఉన్న ప్రాసెస్ సర్వర్ పోస్టుల భర్తీ.